మన క్షయది ఏ సగ?

ఆసిఫాబాద్ నుంచి ఉట్నూర్ పోయే బస్సు కెరమెరి ఘాటు ఎక్కి పీఠభూమి మీదికి వచ్చాక జైనూర్‌లో ఆగుతుంది. అంగడి నాడు దిగి నడిస్తే నాలుగు అడుగులకో భాష చెవిన పడుతుంది. ఒకచోట గోండి, పక్కనే లంబాడీ, బట్టల దుకాణం ముందు దక్కనీ ఉర్దూ, ఉల్లిగడ్డల కుప్ప దగ్గర మరాఠీ, కొంచెం ఎడంగా కొలామి, అందరికీ కలిసేచోట తెలుగు. ఈ మండలంలోని మార్లవాయిలోనే 1940లలో ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ కాపురముండి గోండుల జీవితాన్ని నమోదు చేశారు. ఎవరు ఏ సగకు (వంశశాఖకు) చెందినవాళ్లు, ఎవరి మూలపురుషులు ఎటు నుంచి వచ్చారు, ఎవరి భూమిలోకి ఎవరు ఎప్పుడు దిగారు అని ఆయన ఊరూరా అడిగి రాసుకున్నాడు. ఈ అధ్యాయంలో మనం అవే ప్రశ్నలు ఆ మనుషుల ఊపిరితిత్తుల్లో బతికే ఒక జీవిని అడగబోతున్నాం.

క్షయకు కారణం ఒకే ఒక సూక్ష్మజీవి అని బడిలో చదువుకున్నాం. 1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ దాన్ని లోకానికి చూపించాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు వైద్యులకు కూడా అది ఒకటే. బెర్లిన్‌లో అయినా, బొంబాయిలో అయినా, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో అయినా సూక్ష్మదర్శిని కింద అవే సన్నటి ఎర్ర గీతలు కనిపిస్తాయి, వాటిని చూసి తేడా పట్టడం ఎవరి తరమూ కాదు. 1998లో స్టీవార్ట్ కోల్ బృందం దాని జన్యుపదార్థాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది. సుమారు 44 లక్షల అక్షరాలు, 4 వేల దాకా జన్యువులు. చదవడానికి వాళ్లు ఎంచుకున్న నమూనా పేరు హెచ్37ఆర్‌వి. 1905లో అమెరికాలోని సారనాక్ లేక్ శానిటోరియంలో ఒక యువకుడి నుంచి తీసిన బాక్టీరియా సంతతి అది. ప్రయోగశాలల్లో తరతరాలుగా పెంచుతూ వచ్చారు. క్షయ జన్యువుల గురించి ప్రపంచంలో ఎవరు ఏం చెప్పినా ఆ ఒక్క అమెరికన్ నమూనాతో పోల్చి చెబుతారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని పడుతుంది.

చాలా బాక్టీరియాలు జన్యువులను ఒకదానికొకటి ఇచ్చి పుచ్చుకుంటాయి. పేగులో ఉండే ఈ.కోలి పక్కింటి బాక్టీరియా నుంచి ఒక ముక్క అరువు తెచ్చుకుని రాత్రికి రాత్రి కొత్త గుణం సంపాదించగలదు. క్షయ బాక్టీరియాకు ఆ అలవాటు దాదాపు లేదు. తల్లి కణం రెండవుతుంది, ఆ రెండు నాలుగవుతాయి, అంతే. అందులోనూ తొందరేమీ లేదు, ఒకటి రెండు కావడానికి దగ్గర దగ్గర ఒక రోజు పడుతుంది. రాసుకునేటప్పుడు ఎప్పుడైనా ఒక అక్షరం తప్పు పడితే ఆ తప్పు సంతానమంతటికీ పోతుంది. ఒక ముక్క ఊడిపోతే తిరిగి రాదు, ఎందుకంటే అరువిచ్చేవాళ్లు లేరు.

గోండుల్లో నాలుగు దేవుళ్లవాళ్లు, ఐదు దేవుళ్లవాళ్లు, ఆరు, ఏడు దేవుళ్లవాళ్లు అని సగలుంటాయి. తండ్రిది ఏ సగో బిడ్డదీ అదే. ఊరు మారినా, భాష మారినా, భూమి పోయినా సగ మారదు. వంశావళిని గుర్తుంచుకుని కింగ్రి అనే తీగవాద్యం మీద పాడి వినిపించే పని ప్రధానులనే గాయకులది. క్షయ బాక్టీరియాలో ఊడిపోయిన ముక్కలు చేసే పని కూడా అలాంటిదే. ఏ ముక్క ఉంది, ఏది లేదు అని చూసి దాని సగ చెప్పేయవచ్చు. మనుషుల్లో క్షయ కలిగించే ఈ బాక్టీరియాలకు శాస్త్రవేత్తలు ఇప్పటికి పది దాకా వంశాలను గుర్తించి, విచిత్రంగా వాటికీ అంకెలే పెట్టారు.

మన కథకు వాటిలో నాలుగు చాలు. ఒకటో వంశం హిందూ మహాసముద్రం చుట్టూ ఉంది. దక్షిణ భారతం, ఆగ్నేయాసియా, తూర్పు ఆఫ్రికా తీరం దాని స్థానాలు. రెండో వంశం తూర్పు ఆసియాది, బీజింగ్ వంశమని ఎక్కువమంది అంటారు. మూడోది ఉత్తర భారతం, పాకిస్తాన్, మధ్య ఆసియా వైపుది, దానిలో బాగా కనిపించే రకానికి ఢిల్లీ అనే పేరు కూడా ఉంది. నాలుగోది యూరప్, అమెరికాలది. సారనాక్ లేక్ యువకుడి బాక్టీరియా ఈ నాలుగో వంశానిది. మిగతావి చాలావరకు ఆఫ్రికాలోనే ఉండిపోయాయి. రెండు, మూడు, నాలుగు వంశాల్లో సుమారు 2 వేల అక్షరాల ముక్క ఒకటి ఊడిపోయింది. ఒకటో వంశంలో అది పదిలంగా ఉంది. అందుకే దాన్ని పాత వంశమనీ, ముక్క పోగొట్టుకున్న వాటిని కొత్తవనీ అంటారు. దక్షిణ భారతానిది ఆ పాత వంశం.

ఈ వంశాల ఊసు ఎవరికీ తెలియని రోజుల్లో ఆ తేడాను మొదట పట్టింది గినీపంది.

1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. దానికి నాయకుడు వాలెస్ ఫాక్స్. 1959లో ఆ కేంద్రం ప్రపంచాన్ని మార్చిన ఒక ఫలితం ప్రకటించింది. శానిటోరియంలో మంచం మీద పడుకోబెట్టి, పాలూ గుడ్లూ పెట్టి మందులిచ్చినవాళ్లకూ, ఇరుకు ఇళ్లలో అరకొర తిండితో ఉంటూ అవే మందులు మింగినవాళ్లకూ జబ్బు ఇంచుమించు ఒకే తీరుగా నయమవుతోందని. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, వికారాబాద్ కొండ మీద అనంతగిరి లాంటి చోట్ల మంచం దొరకడమే భాగ్యమనుకునే కాలం అది. ఈ ఫలితం అందరికీ తెలుసు. దాని పక్కనే జరిగిన ఇంకో పని సంగతి చెప్పుకునేవాళ్లు తక్కువ. లండన్‌కు చెందిన డెనిస్ మిచిసన్, మద్రాసు కేంద్రంలోని బాక్టీరియా నిపుణులు (వాళ్లలో టి.వి. సుబ్బయ్య ఒకరు) మద్రాసు రోగుల బాక్టీరియాను, బ్రిటిష్ రోగుల బాక్టీరియాను గినీపందులకు ఎక్కించి చూశారు. బ్రిటిష్ బాక్టీరియా ఎక్కించిన గినీపందుల్లో జబ్బు తీవ్రంగా పాకింది. మద్రాసు నమూనాల్లో చాలావాటితో అంత పాకలేదు. 1960, 1961లలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తట్టుకోవడంలోనూ మద్రాసు రకాలు వేరుగా ఉన్నాయి. వాటికి 'దక్షిణ భారత రకం' అన్న పేరు స్థిరపడింది.

గినీపందిలో మెత్తగా ఉన్నది మనిషిలోనూ మెత్తగా ఉంటుందని అనుకోకూడదు. మద్రాసు రోగుల ఊపిరితిత్తులకూ గుంతలు పడ్డాయి, ప్రాణాలూ పోయాయి. గినీపంది చెప్పింది ఇవి వేరు అని మాత్రమే. ఎందుకు వేరో చెప్పే సాధనం అప్పటికి ఎవరి దగ్గరా లేదు. ఆ ప్రశ్న 1979 దాకా నలిగి ఒకచోట మళ్లీ గట్టిగా ముందుకొచ్చింది. చెంగల్పట్టు జిల్లాలో 1968లో మొదలై సుమారు రెండున్నర లక్షల మంది మీద జరిగిన బీసీజీ టీకా పరీక్షలో, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని బయటపడింది. యూరప్‌లో బాగా పనిచేసిన టీకా ఇక్కడ ఎందుకు చేయలేదు? ఆనాడు నిపుణులు వరుసగా పెట్టుకున్న అనుమానాల్లో మట్టిలో, నీటిలో ఉండే ఇతర మైకోబాక్టీరియాల ప్రభావం ఒకటి, ఈ 'దక్షిణ భారత రకం' ఇంకొకటి. చిన్నపిల్లలను మెదడు క్షయ నుంచి కాపాడుతుంది కాబట్టి ఆ టీకా ఇప్పటికీ వేస్తున్నారు. అనుమానాలు మాత్రం పూర్తిగా తేలలేదు.

రెండోసారి తడబడింది గినీపంది కాదు, యూరప్ కొలబద్ద. 1990లలో క్షయ బాక్టీరియాకు వేలిముద్ర తీసే పద్ధతి ఒకటి ప్రపంచమంతటా ప్రమాణమైంది. ఐఎస్6110 అనే చిన్న జన్యుముక్క బాక్టీరియాలో ఎన్నిచోట్ల అతుక్కుని ఉందో చూడడం ఆ పద్ధతి. యూరప్, అమెరికా నమూనాల్లో అది పది, ఇరవై చోట్ల ఉంటుంది, ఆ చోట్ల అమరిక ఒక్కో నమూనాకు ఒక్కోలా ఉంటుంది. న్యూయార్క్‌లో ఎవరి నుంచి ఎవరికి అంటిందో దీనితో చక్కగా తేలింది. అదే పరీక్ష మద్రాసు నమూనాల మీద చేస్తే చాలావాటిలో ఒక్క కాపీయే కనిపించింది, కొన్నిట్లో అసలు లేదు. ఒక్క గీతే ఉన్న వేలిముద్రలతో ఎవరినని గుర్తుపడతాం? పైగా ఆ రోజుల్లో క్షయ ఉందో లేదో చెప్పే పీసీఆర్ పరీక్షలు కొన్ని కేవలం ఈ ఐఎస్6110నే వెతికేవి. ఆ ముక్క లేని బాక్టీరియా ఉన్న రోగికి 'లేదు' అని కాగితం వచ్చేది. ఇప్పుడు వాడుతున్న ఎక్స్‌పర్ట్ అల్ట్రా అనే పరీక్ష ఐఎస్6110తో పాటు ఐఎస్1081 అనే ఇంకో ముక్కను కూడా వెతుకుతుంది కాబట్టి ఆ బెడద తగ్గింది.

మన బాక్టీరియాకు పనికొచ్చిన పద్ధతి మరో మూలలో దొరికింది. క్షయ జన్యుపదార్థంలో ఒకచోట 36 అక్షరాల వాక్యం ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. రెండు వాక్యాల మధ్య ఎడం ముక్క ఒకటి ఉంటుంది, ఏ ముక్కకా ముక్క వేరు. జన్యువులను కత్తిరించే పరికరంగా ఈమధ్య పేరు మోగిన క్రిస్పర్ కుటుంబానిదే ఈ అమరిక. 1997లో డచ్ శాస్త్రవేత్తలు 43 ఎడం ముక్కలను ఎంచుకుని, ఏవి ఉన్నాయో ఏవి లేవో ఒకేసారి చూసే పద్ధతి తయారుచేశారు. స్పోలిగోటైపింగ్ అంటారు. ఫలితం 43 గడుల వరుసగా వస్తుంది, ఉంటే నల్ల గడి, లేకుంటే తెల్లది. ఒకటో వంశంలో 29 నుంచి 32 దాకా, మళ్లీ 34వ గడి తెల్లగా ఉంటాయి, మధ్యలో 33 మాత్రం నల్లగా నిలబడుతుంది. మూడో వంశంలో 4 నుంచి 7, ఆపైన 23 నుంచి 34 పోయాయి. బీజింగ్ వంశంలో మొదటి 34 గడులూ మాయం, చివరి తొమ్మిదే మిగిలాయి. కొంచెం అలవాటు పడితే కాగితం చూడగానే సగ చెప్పేయవచ్చు.

ఈ పద్ధతిని మరికొన్నిటితో కలిపి దేశం మొత్తానికి పటం గీసే ప్రయత్నంలో హైదరాబాద్‌కు వాటా ఉంది. 2006లో వెలువడిన ఒక పరిశోధనలో పారిస్ పాశ్చర్ సంస్థకు చెందిన క్రిస్టినా గుటియెరెజ్, హైదరాబాద్‌లోని డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం (సీడీఎఫ్‌డీ) నుంచి నియాజ్ అహ్మద్, సయ్యద్ హస్నైన్, మద్రాసు, ఆగ్రా శాస్త్రవేత్తలు కలిసి దేశంలోని 12 ప్రాంతాలకు చెందిన 91 నమూనాలను నాలుగు రకాల గుర్తులతో పరీక్షించారు. 91 పెద్ద సంఖ్య కాదు. కాని నాలుగు గుర్తులూ ఒకే మాట చెప్పాయి. ముక్క ఊడని పాత వంశం దక్షిణాన రాజ్యం చేస్తోంది. ఉత్తరానికి పోయేకొద్దీ అది పలచబడి మూడో వంశం పెరుగుతోంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో ఊర్వశీ సింగ్ బృందం చేసిన పనిలోనూ ఉత్తరాన మూడు, దక్షిణాన ఒకటి అన్న తీరే వచ్చింది. పాత వంశం ఇంతగా నిలదొక్కుకుని ఉండడాన్ని బట్టి క్షయ భారతదేశానికి నిన్నగాక మొన్న ఓడల్లో వచ్చింది కాదని, ఇక్కడ చాలాకాలంగా ఉన్నదేనని ఆ పరిశోధకులు అన్నారు.

ఆ పటంలో జైనూర్ ఉన్న ఉమ్మడి ఆదిలాబాద్ ఎక్కడుందో చూడండి. దక్షిణాన గోదావరి, ఉత్తరాన పెన్‌గంగ, అవతల చంద్రపూర్, యవత్మాళ్. భాషల పటంలోనూ ద్రావిడ, ఆర్య భాషల సరిహద్దు ఇక్కడే వంకర్లు తిరుగుతుంది. సరిహద్దంటే గీత కాదు, ఈ నేలలో ఆ రెండూ ఒకదానిలోకొకటి చొచ్చుకుని ఉన్నాయి. మరాఠీ మాట్లాడే ఊరి పక్కన గోండు గూడెం, దాని పక్కన లంబాడీ తండా. హైమెన్‌డార్ఫ్ రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది పండగల వర్ణన కాదు, ఎవరు ఎప్పుడు వచ్చి దిగారన్న లెక్క. కాజీపేట, బల్లార్షా మధ్య రైలు దారి పూర్తయ్యాక, పత్తి ధర పెరిగాక, పట్టాలు ఇవ్వడం మొదలయ్యాక బయటి రైతులు, వ్యాపారులు ఈ పీఠభూమి మీదికి వరసగా వచ్చారు. బెల్లంపల్లిలో బొగ్గు బావులు తెరుచుకున్నాయి, కాగజ్‌నగర్‌లో కాగితపు మిల్లు వచ్చింది. మనిషి ఒంటరిగా రాడు. ఎప్పుడో చిన్నప్పుడు అంటి ఊపిరితిత్తి మూలలో నిద్రపోతున్న బాక్టీరియాను కూడా తెస్తాడు. సోకినవాళ్లలో జీవితకాలంలో ఏ 5 నుంచి 10 శాతం మందికో జబ్బు పైకి వస్తుంది. అదీ కొందరిలో ముప్పై, నలభై ఏళ్ల తర్వాత. కాబట్టి ఈ రోజు జైనూర్‌లో ఒక ముసలాయన తెమడలో కనిపించిన బాక్టీరియా ఇప్పటి జైనూర్‌ది కాకపోవచ్చు, ఆయన బాల్యంలో ఆయన ఉన్న ఊరిది కావచ్చు.

రాకతో పాటు పోకలూ ఉన్నాయి. సిరిసిల్ల, కరీంనగర్ నేతకార్మికులు తరాలుగా భివండీ, షోలాపూర్ మగ్గాల మీద పనిచేశారు. జగిత్యాల నుంచి, నిర్మల్ నుంచి గల్ఫ్ పోయేవాళ్లకు ముందు మెడికల్ ఉంటుంది. ఎక్స్‌రేలో ఎప్పుడో మానిపోయిన క్షయ మచ్చ కనిపించినా 'అన్‌ఫిట్' అని కొట్టేస్తారు, అప్పు చేసి కట్టిన డబ్బు పోతుంది. ఆ మచ్చ ఎవరికీ జబ్బు అంటించదు. భివండీకి పక్కనే ఉన్న ముంబైలో మందులకు లొంగని క్షయలో బీజింగ్ వంశం వాటా పెరిగిందని అక్కడి పరిశోధనలు చెబుతున్నాయి. వియత్నాంలోని హో చి మిన్ నగరంలో 1,600కు పైగా నమూనాల జన్యుపదార్థం పూర్తిగా చదివి 2018లో ప్రకటించిన ఫలితం ప్రకారం, అక్కడ స్థానికమైన ఒకటో వంశం కన్నా కొత్తగా వచ్చిన బీజింగ్ వంశం ఒకరి నుంచి ఒకరికి జోరుగా పాకుతోంది. ముంబై నుంచి ఇంటికొచ్చే దారులు సిరిసిల్లకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటే ఇది దూరదేశపు సంగతిగా కనిపించదు.

ఈ వంశాలు ఎంత పాతవి? ఇక్కడ శాస్త్రవేత్తలు రెండు జట్లయ్యారు. 2013లో ఇనాకీ కొమాస్, సెబాస్టియన్ గానో బృందం ప్రపంచం నలుమూలల నమూనాలు చదివి, క్షయ మనిషితో పాటు ఆఫ్రికా నుంచి బయల్దేరిందని, ఆ ప్రయాణం 70 వేల ఏళ్ల కిందటిదని లెక్కగట్టింది. మనుషుల వంశవృక్షాన్ని, బాక్టీరియా వంశవృక్షాన్ని పక్కపక్కన పెడితే కొమ్మకు కొమ్మ సరిపోయినట్టు కనిపిస్తుంది. ఆ బొమ్మకు ఎవరైనా పడిపోతారు. మరుసటి ఏడే పెరూలో వెయ్యేళ్ల నాటి అస్థిపంజరాల్లోంచి తీసిన క్షయ జన్యుపదార్థాన్ని చదివిన ఇంకో బృందం, వయసు తెలిసిన ఆ పాత నమూనాలతో గడియారాన్ని సరిచూసి, మొత్తం వంశాలన్నిటి వయసు 6 వేల ఏళ్ల లోపే అంది. 70 వేలకూ 6 వేలకూ మధ్య రాజీ కుదరదు. నాకు రెండో లెక్కే నమ్మకంగా అనిపిస్తుంది, ఎందుకంటే వయసు తెలిసిన ఎముకతో సరిచూసిన గడియారం అది. అదే నిజమైతే ఒకటో వంశం ప్రయాణానికి ఆది మానవుల నడక అక్కర్లేదు, హిందూ మహాసముద్రం మీద రుతుపవనాలతో వచ్చిపోయిన వర్తక ఓడలు చాలు. ఒకటో వంశం దక్షిణాసియాలోనే పుట్టి ఇక్కడి నుంచి అటు ఆగ్నేయాసియాకు, ఇటు ఆఫ్రికా తీరానికి పోయి ఉంటుందని ఈమధ్య చేసిన జన్యు విశ్లేషణలు సూచిస్తున్నాయి.

వేల ఏళ్ల కథ పక్కన పెట్టి గూడెంలోకి వద్దాం. ఒకే గూడెంలో ఏడాది వ్యవధిలో ఇద్దరికి క్షయ వచ్చిందనుకోండి. ఒకరి నుంచి ఇంకొకరికి అంటిందా? ఇద్దరికీ ఎప్పుడెప్పుడో వేర్వేరుగా సోకి ఇప్పుడు పైకి వచ్చిందా? మొదటిదైతే ఇంటింటికీ తిరిగి దగ్గేవాళ్లను వెతకాలి. రెండోదైతే తిండి, వయసు, మధుమేహం, గనుల దుమ్ము వంటి కారణాలు చూడాలి. స్పోలిగోటైపింగ్ ఈ ప్రశ్నకు పనికిరాదు. ఊరంతా ఒకే వంశం ఉన్నచోట అందరి గడులూ ఒకేలా కనిపించి, లేని బంధుత్వం ఉన్నట్టు భ్రమ పుడుతుంది. 44 లక్షల అక్షరాలూ చదవాల్సిందే. క్షయ బాక్టీరియాలో సగటున రెండేళ్లకు ఒక అక్షరం మారుతుందని 2013లో ఆక్స్‌ఫర్డ్ బృందం కొలిచింది. ఇద్దరి బాక్టీరియాలో 5 అక్షరాల లోపు తేడా ఉంటే ఈమధ్య అంటుకున్నట్టు, 12 దాటితే ఆ ఇద్దరికీ ఒకరి నుంచి ఒకరికి నేరుగా సంబంధం లేనట్టు. వేర్వేరు వంశాల మధ్యనైతే తేడా వెయ్యి అక్షరాలు దాటిపోతుంది.

2001లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఒక బడిలో 60 మందికి పైగా పిల్లలకు క్షయ బయటపడింది. గుజరాతీలు, పంజాబీలు ఎక్కువగా ఉండే ఊరు అది. ఆ బాక్టీరియా మూడో వంశానిదని తేలింది. రోగనిరోధక వ్యవస్థను అది తప్పుదారి పట్టిస్తోందని, ఒక జన్యుముక్క ఊడిపోవడం దీనికి తోడ్పడుతోందని తర్వాత పరిశోధకులు చూపారు. ఐటీడీఏ ఆశ్రమ పాఠశాలల్లో ఒకే హాలులో వరసగా పడుకునే పిల్లలను చూసినవాళ్లకు ఆ బడి గుర్తుకు రాకుండా ఉండదు. కిటికీలు మూసిన గది, గంటల తరబడి అదే గాలి, దగ్గే ఒక్కరు ఉంటే చాలు. అన్నట్టు, జనం గుమికూడితే క్షయ పాకుతుందని కేస్లాపూర్ నాగోబా జాతరనో, దీపావళికి ఊరూరా తిరిగే దండారి జట్లనో అనుమానించేవాళ్లుంటారు. బయలులో, గాలిలో, ఎండలో క్షయ అంత తేలిగ్గా అంటదు. వానాకాలంలో తలుపు మూసుకున్న ఇల్లు, కిక్కిరిసిన జీపు దానికి ఇష్టమైన చోట్లు.

తిండి సంగతి ఒక మాటలో తేల్చేసి పోలేం. జార్ఖండ్‌లో రోగులున్న ఇళ్లకు బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, విటమిన్లు ఆరు నెలలు, ఏడాది పాటు ఇచ్చి చూసిన పరీక్షా ఫలితాలు 2023లో వచ్చాయి. మిగతా కుటుంబ సభ్యుల్లో కొత్తగా క్షయ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. అక్కడ ఎన్ని వంశాలున్నాయని బియ్యం మూట అడగలేదు. వంశం గురించి ఇంత రాస్తున్న నేను కూడా, డబ్బు ఒకే పనికి ఉంటే సీక్వెన్సింగ్ యంత్రం కన్నా ముందు బియ్యానికే ఓటేస్తాను. నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగికి నెలకు 500 రూపాయలు ఇచ్చేవాళ్లు, 2024 నవంబర్ నుంచి అది 1,000 అయింది. ఆ డబ్బు రోగి ఒక్కడికే. దగ్గర కూర్చుని అన్నం వడ్డించేవాళ్లకు ఆ పథకం కింద జార్ఖండ్‌లో లాగా మూట రాదు.

కాని ఒకచోట వంశం తెలియకపోతే పని చెడుతుంది. అది మందుల దగ్గర. ఇప్పుడు తెమడ డబ్బాలో పట్టి ఇస్తే ట్రూనాట్ అనే చిన్న యంత్రం గంటా రెండు గంటల్లో క్షయ ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే మందుకు లొంగుతుందో లేదో చెబుతుంది. గోవాలో తయారైన ఈ యంత్రం బ్యాటరీ మీద నడుస్తుంది, ఏసీ గది అక్కర్లేదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని మన్యం దవాఖానలకు ఇంతకన్నా అనువైనది లేదు. రిఫాంపిసిన్‌కు లొంగకపోవడం నూటికి తొంభైకి పైగా ఆర్‌పీఓబీ అనే జన్యువులో 81 అక్షరాల చిన్న ప్రదేశంలో జరిగే మార్పుల వల్లనే కాబట్టి యంత్రం అక్కడే వెతుకుతుంది. ఇతర మందుల విషయంలో పని అంత తేలిక కాదు. ఏ మార్పు ఉంటే ఏ మందు పనిచేయదు అన్న జాబితాలు ఎక్కువగా రెండు, నాలుగు వంశాల నమూనాల మీద తయారయ్యాయి.

2017లో వచ్చిన ఒక పరిశోధన దీని ఫలితం చూపించింది. తమిళనాడులోని తిరువళ్లూరు, మదురై జిల్లాల రోగుల నుంచి తీసిన 223 నమూనాల జన్యుపదార్థం పూర్తిగా చదివారు. ఎక్కువ భాగం ఒకటి, మూడు వంశాలవే. ఆ నమూనాల్లో కొన్నిటిని మందుల ముందు పెంచి చూస్తే లొంగలేదు, కాని వాటిలో జాబితాలోని మార్పుల కోసం వెతికితే కనిపించలేదు. ఇతర దేశాల నమూనాల్లో ఆ జాబితా ఎంత పనిచేసిందో ఇక్కడ అంత పనిచేయలేదు. అంటే మన బాక్టీరియా మందులను తప్పించుకునే దారులు కొన్ని ఆ జాబితాలో ఇంకా ఎక్కలేదు. గినీపంది, ఐఎస్6110, ఇప్పుడు ఈ జాబితా. అరవై ఏళ్లలో మూడుసార్లు అదే అనుభవం. ఒకచోటి బాక్టీరియా మీద తయారుచేసిన కొలబద్దను ఇంకోచోటి బాక్టీరియాకు పెట్టి, కొలత రానప్పుడు బాక్టీరియానే వింతదన్నారు. 'దక్షిణ భారత రకం' అన్న పేరులోనే ఆ ధోరణి ఉంది. పాత ముక్క ఊడనిది ఇదైతే, రకాంతరం అనాల్సింది సారనాక్ లేక్ దాన్ని కదా!

నాలుగోసారి జరిగే సూచనలు ఇప్పటికే కనిపిస్తున్నాయి. మందులకు లొంగని క్షయకు ఇదివరకు ఏడాదిన్నర, రెండేళ్లు మందులు మింగాల్సి వచ్చేది. చెవులు పోయేవి, మతి చెదిరేది. 2024 సెప్టెంబర్‌లో కేంద్ర ఆరోగ్యశాఖ బెడాక్విలిన్, ప్రిటోమానిడ్, లైనజోలిడ్, మాక్సిఫ్లాక్ససిన్ కలిపిన ఆరు నెలల చికిత్సకు ఆమోదం తెలిపింది. రోగులకు ఇంతకన్నా పెద్ద ఊరట ఈ మధ్యకాలంలో లేదు. ఈ చికిత్సను నిలబెట్టిన పెద్ద పరీక్షలు ఉజ్బెకిస్తాన్, బెలారస్, దక్షిణాఫ్రికా, జార్జియా, మాల్డోవా, రష్యాల్లో జరిగాయి. అక్కడ ప్రబలంగా ఉన్నవి రెండు, నాలుగు వంశాలు. 2022లో ప్రయోగశాలలో పలు వంశాల నమూనాలను ప్రిటోమానిడ్‌తో పరీక్షిస్తే, ఒకటో వంశాన్ని అణచడానికి మిగతావాటికన్నా కాస్త ఎక్కువ మందు కావాల్సి వచ్చింది. ఇది మందు వాడి నేర్చుకున్న ప్రతిరోధం కాదు. ఆ మందు ముఖమెన్నడూ చూడని బాక్టీరియాలోనూ ఆ గుణం ఉంది, వంశంతో వచ్చింది.

గాజునాళికలో కనిపించిన ఆ కాస్త తేడా రోగి ఒంట్లో లెక్కలోకి వస్తుందా? మిగతా మూడు మందులు ఆ లోటు పూడ్చేస్తాయేమో. దానికి జవాబు తాష్కెంట్‌లోనో మిన్స్క్‌లోనో దొరకదు. ఒకటో వంశం ఉన్నచోట, ఈ చికిత్స తీసుకుంటున్న రోగుల తెమడను నెలనెలా పెంచి చూసి, మానినవాళ్లదీ తిరగబెట్టినవాళ్లదీ బాక్టీరియా చదివితేనే దొరుకుతుంది. ప్రస్తుతం జైనూర్ నుంచి పోయిన తెమడ డబ్బాకు తిరిగొచ్చే కాగితం మీద రిఫాంపిసిన్‌కు ఒక గడి ఉంది, ఐసోనియాజిడ్ అనే ఇంకో మందుకు ఒక గడి ఉంది. వంశానికి గడి లేదు.